ఉత్తరం వైపు గోల్ ముందు

ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు దేశంలోని మొదటి డివిజన్‌కి ఎక్కి అది మూడో సీజను. మొదటి రెండేళ్ళూ కిందికి జారకుండా ఎలాగో గట్టెక్కింది. మూడో ఏడు మాత్రం సగం సీజను గడిచేసరికి పద్దెనిమిది జట్లలో తొమ్మిదో స్థానంలో నిలిచింది. ఊరంతా అదే మాట. ఇదంతా పిచ్చుక చలవ అనేవారు జనం. ఎడమవైపు ఆడే సన్నటి ఆటగాణ్ణి అభిమానులు అలా పిలుచుకునేవాళ్ళు. బంతి కాలికి తగిలితే చాలు, ఎదుటివాళ్ళు తేరుకునేలోపు గోల్ దగ్గర వాలేవాడు.

పిచ్చుక మాత్రం ఇది గరికక్క చలవ అనేవాడు.

"వేరే గ్రౌండ్లలో బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. మనదాంట్లో చెప్పిన మాట వింటుంది. అదంతా అక్క పెంపకం" అని నవ్వేవాడు.

గరికక్క ఆ మైదానం చూసుకునే మనిషి. యాభై ఒక్కేళ్ళు. గ్యాలరీలు ఊడ్చే పనికి చేరి, పాత మాలీ దగ్గర గడ్డి కోయడం, రోలరు నడపడం, తెల్లగీతలు వంకర పోకుండా వేయడం నేర్చుకుంది. ఆయన పోయాక ఆ పని ఆమెకే అప్పజెప్పారు. పంతొమ్మిదేళ్ళుగా ఆమె చేతి కిందే ఉంది ఆ గరిక. కింద ఇద్దరు పనివాళ్ళు. నేల మీద మడమతో నొక్కి చూసి, నీళ్ళు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పగలదు. క్లబ్బులో చాలామందికి ఆమె అసలు పేరు తెలియదు. జీతం కాగితం మీద తప్ప దానితో పని కూడా పడలేదు.

ఇంట్లో ఆమె, తమ్ముడు, మరదలు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఏడేళ్ళు. వాణ్ణి పెంచే హడావిడిలో గరికక్క పెళ్ళి వెనకబడింది, ఆ తర్వాత ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆట ఉన్న రోజున మాత్రం వాడు వేరే మనిషి. ఉత్తరం గ్యాలరీలో పెద్ద డోలు వాడిదే. వాడు డోలు మొదలుపెడితే నాలుగు వేలమంది లేచి నిలబడేవాళ్ళు.

సీజను మధ్యలో మూడు వారాలు సెలవు. ఏడాదంతా గరికక్క ఎదురుచూసేది దానికోసమే. ముళ్ళ యంత్రంతో నేలంతా చిల్లులు పొడిచి, వాటిలోకి ఇసుక తోలి, పలచబడిన చోట విత్తనం చల్లి, పదిహేడు రోజులు ఎవర్నీ అడుగు పెట్టనివ్వదు. ఆ ఏడు కూడా అలాగే చుట్టూ తాడు కట్టింది. కట్టిన మూడో రోజు జనరల్ మేనేజర్ నుంచి కబురొచ్చింది.

మేనేజర్ ఆ సీజనుకే కొత్తగా వచ్చాడు. ఇంతకుముందు హోటళ్ళు చూసుకునేవాడట. గదిలో ఆమెకు కుర్చీ చూపించాడు గానీ, తను మాత్రం ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"చూడమ్మా, వచ్చే శుక్ర, శనివారాలు మన దగ్గర పాటల ప్రోగ్రాం ఉంది. స్టేజీ ఉత్తరం వైపు వేస్తారు."

"ఎక్కడ సార్, గ్యాలరీలోనా?"

"గ్యాలరీలో స్టేజీ ఏంటమ్మా? గ్రౌండు మీద."

"మొన్ననే విత్తనం చల్లాను సార్."

"ఆరు రోజులేగా, పైన పలకలు పరుస్తారులే. గడ్డికి ఏం కాదు."

"ఆరు రోజులు మిమ్మల్ని పలకల కింద పడుకోబెడితే మీకేం కాదా సార్?"

అప్పుడు తల ఎత్తాడు మేనేజర్. "గడ్డేగా అమ్మా. మళ్ళీ మొలుస్తుంది."

"గడ్డి మొలుస్తుంది. గొట్టాలు మొలవవు సార్. ఆ చివర మూరెడు లోతులో నీళ్ళు లాగే గొట్టాలున్నాయి. అది పల్లం. వానొస్తే నీళ్ళన్నీ అటే పోతాయి. దానిమీద లారీలు ఎక్కితే నలిగిపోతాయి. గొట్టాలు నలిగితే అది గ్రౌండు కాదు, చెరువు."

"సరే, కాగితం మీద రాసివ్వు. చూస్తాను."

రాసిచ్చింది. నాలుగు వాక్యాలు రాయడానికి నాలుగు కాగితాలు చించింది. ఆయన దాన్ని చదవకుండానే సొరుగులో పడేశాడు. నకలు ఒకటి దగ్గరుంచుకోవాలని ఆమెకు తోచలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు దానికి తన్ను తాను తిట్టుకుందో లెక్కలేదు.

లారీలు వచ్చాయి. క్రేన్ వచ్చింది. ఆమె కట్టిన తాడు వాళ్ళు తీసి పక్కన పడేసి, తడి నేల మీదనుంచే నడిపారు. గరికక్క లారీకి అడ్డంగా నిలబడితే, డ్రైవరు దిగి, "నాకు చెప్పిన చోటికి తోలుతున్నానమ్మా, నన్నేం చేయమంటావు?" అన్నాడు. అదీ నిజమే. పక్కకి తప్పుకుంది. ఆ పక్కకి తప్పుకోవడం కూడా ఆమె చాలా రోజులు మర్చిపోలేదు.

స్టేజీ విప్పి పలకలు తీశాక కింద గడ్డి ఎండుగడ్డి రంగులో, మురిగిన గుడ్డల వాసనతో ఉంది. చక్రాల గాళ్ళు మోకాలి లోతు దిగాయి. తర్వాతి ఆటకి తొమ్మిది రోజులే ఉంది. గరికక్కా, పనివాళ్ళూ గాళ్ళు పూడ్చి, ఇసుక పోసి, వేరేచోట పెంచిన గడ్డి తెచ్చి అతికించారు. వేళ్ళు పట్టడానికి నెల కావాలి. ఆట ముందురోజు పొద్దున ఆమె వచ్చేసరికి, వీపులకి డబ్బాలు తగిలించుకున్న ఎవరో నలుగురు ఆ చివరంతా ఆకుపచ్చ రంగు చల్లుతున్నారు.

"ఎవరయ్యా మీరు?"

"మేనేజర్ గారు పంపారండీ. టీవీలో బాగా కనబడాలంట."

మర్నాడు ఆటలో మొదటి పదిహేను నిమిషాలకే ఎదుటి జట్టు తెల్ల మేజోళ్ళు ఆకుపచ్చగా మారాయి. గ్యాలరీలో జనం పగలబడి నవ్వారు. రెండో సగంలో ఎవరూ నవ్వలేదు. పిచ్చుక బంతితో ఉత్తరం గోల్ వైపు దూసుకొచ్చి, ఎప్పటిలాగే ఎడమ కాలి మీద గిర్రున తిరిగాడు. అతికించిన గడ్డి చాపలా జరిగింది. పాదం కిందికి దిగబడిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలు విరిగిన చప్పుడు తనకి వినబడిందని గరికక్క తర్వాత ఎవరితోనూ అనలేదు. అంత దూరం నుంచి వినబడదని ఆమెకీ తెలుసు. కానీ వినబడింది.

ఆట రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. సాయంత్రం ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చుని ఉండగా టీవీలో కోచ్ కనబడ్డాడు. క్లబ్బు ఆఫీసు గదిలో విలేకరులు ఆయన్ని పిచ్చుక గురించి అడిగారు.

"ఇలాంటి గ్రౌండు మీద ఏ జట్టయినా ఓడిపోతుంది. చూసుకునేవాళ్ళకి ఆ పని చేతకాకపోతే మేం ఏం చేస్తాం?" అన్నాడు కోచ్.

తమ్ముడు కంచం వైపే చూస్తూ అన్నాడు, "నిజంగానే కాస్త చూసుకోవాల్సిందక్కా. ఇంత పెద్ద సీజను. పిచ్చుక జీవితం పోయింది."

గరికక్క చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. మరదలే అందుకుంది.

"ఏమండీ, ఆ పాటలకి మీరూ వెళ్ళారుగా? క్లబ్బు వాళ్ళు ఊరికే పాస్ ఇచ్చారని ఎగురుకుంటూ వెళ్ళారుగా? ఆ పలకల మీద రెండు గంటలు గెంతొచ్చి, కాళ్ళు పట్టమని నన్నడిగారుగా? అప్పుడు కింద గడ్డి ఉందని తెలీదా? లోకానికంతా చూపు సరిచేస్తారు, మీకు మాత్రం..."

"నువ్వూరుకో" అన్నాడు తమ్ముడు.

గరికక్క లేచి కంచం కడిగి బోర్లించి, తన గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే కోచ్ జట్టు చేత పరుగులు తీయిస్తుంటే ఆమె నేరుగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"నాకు పని చేతకాదన్నారు కదా సార్."

"మిమ్మల్ని అనలేదమ్మా. జనరల్‌గా అన్నాను."

"ఇక్కడ గడ్డి చూసేవాళ్ళు జనరల్‌గా ఎంతమంది ఉన్నారు సార్? నేనొకదాన్ని, నాకింద ఇద్దరు. ఆ ఇద్దర్నీ అన్నారా?"

కోచ్ ఆటగాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు పరుగు నెమ్మది చేశారు. గొంతు తగ్గించి అన్నాడు, "నా పరిస్థితి అర్థం చేసుకోండమ్మా. ఆ పాటల సంగతి నాకు తెలీదా? మేనేజర్ పేరెత్తితే రేపు నేనిక్కడ ఉండను."

"నా పేరెత్తితే ఉంటారు."

"మీ పేరు ఎత్తలేదు కదా."

"ఎత్తినా బాగుండేది సార్. కనీసం నా పేరేంటో ఎవరినన్నా అడిగి తెలుసుకునేవాళ్ళు."

తిరిగి వస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కినట్టుంది ఆమెకి. ఆ కోపంతోనే పనిలో పడింది. గీతలకి దారాలు కట్టింది, చిల్లులు పొడిచింది, రంగు కడిగింది. పనివాళ్ళు ఆమెతో మాట్లాడ్డానికి భయపడ్డారు.

తర్వాతి సొంత మైదానం ఆటకి ఉత్తరం గ్యాలరీలో పెద్ద గుడ్డ వేలాడింది. 'గడ్డి పెంచడం రాకపోతే ఇంట్లో కూర్చో' అని ఎర్రరంగుతో రాసి ఉంది. గరికక్క గీతల డబ్బా పట్టుకుని తలెత్తి చూసింది. ఆ గుడ్డకి సరిగ్గా కింద, డోలు మెడలో వేసుకుని, తమ్ముడు.

ఆ సాయంత్రం వాడే ముందు నోరు తెరిచాడు. "నేను రాయలేదక్కా అది. ఎవరు కట్టారో కూడా తెలీదు."

"దాని కింద నిలబడి వాయించావా, లేదా?"

"నేను జట్టు కోసం వాయించాను."

ఆరోజు నుంచి ఆమె వాడితో మాట మానేసింది. ఏదన్నా చెప్పాలంటే మరదలి ద్వారా. "అమ్మాయ్, మీ ఆయనకి చెప్పు, గొడుగు తీసుకెళ్ళమని." వాడు రెండు అడుగుల దూరంలోనే ఉండేవాడు. "విన్నారుగా, గొడుగట" అనేది మరదలు. నవ్వొచ్చే సంగతే, కానీ ఆ ఇంట్లో అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

పిచ్చుక లేని జట్టు జారడం మొదలుపెట్టింది. పదకొండు, పదమూడు, పద్నాలుగు. చివరి మూడు జట్లూ కిందికి పోతాయి. ఆఖరి వారం వచ్చేసరికి క్లబ్బు పదిహేనో స్థానంలో, అంచు మీద వేలాడుతోంది. సొంత మైదానంలో ఆఖరి ఆట. సమం చేసుకున్నా చాలు, నిలబడతారు.

ఆ ఆటకి ముందు రెండు రోజులు ఎడతెరిపి లేని వాన.

ఆదివారం పొద్దున పది గంటలకి రిఫరీ మైదానం చూడ్డానికి వచ్చాడు. ఆట నాలుగింటికి. ఆఖరి వారం ఆటలన్నీ ఒకే గంటకి మొదలవ్వాలని లీగు నియమం. వాయిదా ఉండదు. మైదానం ఇవ్వలేకపోయిన జట్టు ఓడినట్టే. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

దక్షిణం వైపు నేల బాగానే ఉంది. ఉత్తరం గోల్ ముందు మాత్రం నీళ్ళు నిలిచాయి. రిఫరీ బంతిని ఎత్తి పడేశాడు. అది ఎగరలేదు. తేలింది.

"నాలుగింటికి ఇది బాగవుతుందా?" అన్నాడు.

"అయిపోతుంది సార్, మావాళ్ళు తోడేస్తారు" అన్నాడు మేనేజర్.

"మిమ్మల్ని కాదు, ఆవిడ్ని అడుగుతున్నాను."

మేనేజర్ ఆమె భుజం పక్కకి వచ్చి నవ్వుతూనే గొణిగాడు. "అవుతుందని చెప్పు. ఒక్క మాట. ఊరు ఊరంతా నీ నోటి వైపు చూస్తోంది."

గరికక్కకి జట్టు మీద ప్రేమ లేక కాదు. ఆ జట్టు మూడో డివిజన్‌లో ఉన్నప్పుడు, వందమంది కూడా రాని రోజుల్లో, ఆమె గీతలు గీసింది. అవునని చెప్పాలనే ఉంది. బూటుతో ఆ నీళ్ళలో అడుగు వేసి మడమతో నొక్కింది. చీలమండ దాకా దిగింది.

"పైనీళ్ళు తోడతాం సార్. కింద గొట్టాలు పోయాయి. తోడిన గంటకి మళ్ళీ ఊరుతుంది. ఇందులో పరిగెడితే ఇంకొకడి కాలు పోతుంది. ఇది ఆడే గ్రౌండు కాదు."

రిఫరీ పుస్తకం తీసి రాసుకున్నాడు.

పన్నెండింటికల్లా ఊరంతా తెలిసిపోయింది. ఆట లేదు, జట్టు కిందికి పోయింది. గేటు దగ్గర విలేకరులతో మేనేజర్, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల ఇలా జరిగింది, చర్య తీసుకుంటాం అన్నాడు. ఆ మాట అయ్యేలోపే గేటు తోసుకుని మూడొందలమంది లోపలికి వచ్చేశారు. గరికక్క ఉత్తరం గోల్ దగ్గరే ఉంది, పారిపోవాలని ఆమెకి తోచలేదు. చుట్టూ మూగారు. ఎవరో నీళ్ళ సీసా విసిరితే మోచేతికి తగిలింది. ఎవరో అమ్ముడుపోయావని అరిచారు. గుంపుని తోసుకుంటూ తమ్ముడు ముందుకొచ్చాడు. మెడలో డోలు అలాగే ఉంది.

"ఏం చేశావక్కా? ఒక్క అబద్ధం ఆడితే నీ సొమ్మేం పోయేది? ఏడాదంతా గొంతులు చించుకున్నామే!"

ఆమె వాణ్ణి చూసింది. గుంపుని చీల్చుకుని సామాన్ల గదిలోకి వెళ్ళింది. దాక్కుందనుకుని వెనక ఎవరో ఈల వేశారు. ఆమె రెండు పారలతో బయటికొచ్చింది. ఒకటి తమ్ముడి కాళ్ళ దగ్గర పడేసింది.

"తవ్వు."

"ఏంటీ?"

"తవ్వరా. మూరెడు లోతు. అక్కడ."

తనే మొదలుపెట్టింది. నీళ్ళలోంచి బురద ఎత్తి పక్కన పోస్తోంది. యాభై ఒక్కేళ్ళ మనిషి అలా తవ్వుతుంటే గుంపులో అరుపులు ఒక్కొక్కటే ఆగాయి. తమ్ముడు ఇటూ అటూ చూసి, డోలు తీసి నేల మీద పెట్టి, పార అందుకున్నాడు. ఇద్దరూ పది నిమిషాలు తవ్వారు. వాడి పారకి ఏదో అడ్డం తగిలింది. గరికక్క వంగి, రెండు చేతులూ బురదలో పెట్టి, దాన్ని పైకి లాగింది. గుండ్రంగా ఉండాల్సిన గొట్టం తొక్కేసిన అట్టపెట్టెలా చదునుగా వచ్చింది.

"చూశారా? ఇది ఒక లారీ" అంది. ఇంకో నాలుగడుగులు జరిగి పార దింపింది. "ఇక్కడ తవ్వితే ఇంకొకటి. అక్కడ క్రేన్. అన్నీ తవ్వి చూపించమంటారా?"

పైనుంచి, ఆఫీసు వరండాలోంచి మేనేజర్ అరిచాడు. "ఎవరయ్యా అక్కడ? ఆపండి! క్లబ్బు ఆస్తి పాడుచేస్తున్నారు!"

గరికక్క గొట్టం ముక్క ఎత్తి పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ మైదానంలో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు.

"ఆస్తా? ఇప్పుడు గుర్తొచ్చిందా మీకు ఆస్తని? లారీలకి అడ్డం నిలబడ్డప్పుడు ఏమైంది ఈ ఆస్తి? నేను రాసిచ్చిన కాగితం ఏమైంది? రంగు కొట్టి పిల్లాడి కాలు విరగ్గొట్టారు. నాకు పని చేతకాదని టీవీలో చెప్పించారు. దిగి రండి! దిగొచ్చి ఈ బురదలో నిలబడి చెప్పండి, ఎవరికి చేతకాలేదో!"

మేనేజర్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆమె గుంపు వైపు తిరిగింది.

"మీలో ఎంతమంది వచ్చారు ఆ పాటలకి? చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. కెమెరాలు మాత్రం తిరుగుతున్నాయి. తమ్ముడు తవ్విన గుంటలోకే చూస్తూ నిలబడ్డాడు.

ఆ వీడియో దేశమంతా చూశారు. రెండు రోజులు ఆమెను మెచ్చుకున్నారు, మూడో రోజు వేరే సంగతి దొరికింది. నాలుగో రోజు ఆమెకి ఉత్తరం వచ్చింది. క్లబ్బు ఆస్తికి నష్టం కలిగించినందుకు ఉద్యోగం నుంచి తొలగిస్తున్నామని. మేనేజర్ అంతకంటే పెద్ద క్లబ్బుకి మారిపోయాడు. కోచ్ కూడా ఎక్కడో చేరాడు. పిచ్చుకకి మోకాలు రెండుసార్లు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు రెండో డివిజన్‌లో ఆడుతున్నాడు, కానీ ఎడమ కాలి మీద ఆ మెలిక తిరగడం లేదు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు.

గరికక్క ఒక బడిలో మైదానం పనికి కుదిరింది. కొత్త సీజను మొదలవబోతుండగా క్లబ్బు కొత్త మేనేజర్ ఫోన్ చేశాడు. గొట్టాలన్నీ మార్పిస్తున్నామని, ఆమె రావాలని, జీతం పెంచుతామని.

"వస్తాను సార్. నాకు పని చేతకాదని ఏ గదిలో అన్నారో ఆ గదిలోనే, విలేకరుల ముందే, తప్పయిందని క్లబ్బు చెప్పాలి."

"అది పాత సంగతి కదమ్మా. అప్పటివాళ్ళు ఎవరూ లేరిప్పుడు."

"నేనున్నాను" అని ఫోన్ పెట్టేసింది.

అది వింటూ తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మైదానం తవ్విన రోజు నుంచి వాడు చెప్పాలనుకుంటున్న మాట అప్పటికి బయటికొచ్చింది.

"తప్పయిందక్కా."

తవ్వమన్న ఆ రోజు తప్పిస్తే, నెలల తర్వాత ఆమె వాడితో నేరుగా మాట్లాడింది అప్పుడే.

"వాళ్ళు అన్నారు. వాళ్ళు పరాయివాళ్ళు, వాళ్ళ ఉద్యోగాలు వాళ్ళకున్నాయి. నువ్వు నా చేతి ముద్ద తిని పెరిగావురా. ఏం జరిగిందక్కా అని ఒక్కసారి అడిగావా? టీవీలో వాడెవడో అంటే నమ్మావు. ఆ పక్కనే నేను కూర్చుని ఉన్నాను. నన్నడగలేదు."

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడడుగుతున్నానుగా అక్కా. ఏం చేస్తే నీ కోపం పోతుందో చెప్పు."

"నువ్వు చేయాల్సిందేం లేదు. కోపం పోయిన రోజున నేనే చెప్తాను. అప్పటిదాకా అడక్కు."

మరదలు లోపలినుంచి ఇద్దర్నీ భోజనానికి పిలిచింది. ఇద్దరూ వెళ్ళి కూర్చున్నారు. ఇప్పుడు రోజూ మాట్లాడుకుంటున్నారు. గొడుగు సంగతి కూడా ఆమె నేరుగానే చెబుతుంది. జట్టు రెండో డివిజన్‌లో నాలుగో స్థానంలో ఉందని వాడు ఓరోజు చెప్తే, ఊఁ అంది. ఏడాది దాటింది. కోపం పోయిందని మాత్రం ఇంకా చెప్పలేదు.